రక్తనాళాల చికిత్స గది టెక్నాలజిస్టులు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో శిక్షణ

ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ, తొడ దగ్గరో మణికట్టు దగ్గరో పొడిచిన సూదిబెజ్జం గుండా సన్నని తీగలూ గొట్టాలూ పంపి లోపలి జబ్బుకు వైద్యం చేసే శాఖ ఇంటర్వెన్షనల్ రేడియాలజీ. ఇరుకైన రక్తనాళాన్ని బెలూన్‌తో వెడల్పు చెయ్యడం, రక్తం కారుతున్న నాళాన్ని మూసెయ్యడం, మెదడుకు పోయే దారిలో అడ్డంపడ్డ గడ్డను లాగెయ్యడం, కాలేయంలోని కణితికి మందును నేరుగా చేర్చడం ఈ శాఖ పనులు. ఆ గదిలో యంత్రాన్ని నడిపేవారు, సామాను అందించేవారు, రేడియేషన్ లెక్క చూసేవారు టెక్నాలజిస్టులు. మన ఆసుపత్రుల్లో వారిని 'క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్' అనే పిలుస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పనికి మనుషులు ఎలా తయారవుతున్నారో, ఎలా తయారు కావాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. కిడ్నీ జబ్బులు పీడిస్తున్న ఉద్దానం ఉన్న ప్రాంతానికి ఈ చదువు ఎక్కడో పెద్ద ఊళ్లకు సంబంధించిన విషయం కాదు, ఇంటి అవసరం.

పని తీరు

గదిలో పనంతా బల్ల చుట్టూ జరుగుతుంది. వంగిన ఇనుప చెయ్యి ఒక కొసకు ఎక్స్‌రే గొట్టం, రెండో కొసకు బొమ్మను పట్టే పలక ఉంటాయి. దీన్ని సి-ఆర్మ్ అంటారు. రోగి కదలకుండా పడుకుంటే ఇదే అతని చుట్టూ తిరుగుతుంది. ఏ నాళాన్ని ఏ కోణంలో చూస్తే రెండు కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా కనిపిస్తాయో టెక్నాలజిస్టుకు ముందే తెలిసి ఉండాలి. డాక్టరు అడిగాక వెతుక్కోవడం మొదలుపెడితే, ఆ వెతుకులాట సాగినంతసేపూ రోగి మీద రేడియేషన్ పడుతూనే ఉంటుంది.

రక్తనాళాలు మామూలు ఎక్స్‌రేలో కనిపించవు. అయోడిన్ ఉన్న ఒక మందును, అందరూ 'డై' అనేదాన్ని, నాళంలోకి ఎక్కిస్తే అది పారినంత మేర నల్లగా కనిపిస్తుంది. డీఎస్ఏ అనే పద్ధతిలో యంత్రం ముందు డై లేకుండా ఒక బొమ్మ తీసి దాచుకుంటుంది. తరువాత డై పారుతుండగా మళ్లీ తీస్తుంది. రెండో దాంట్లోంచి మొదటిదాన్ని తీసేస్తే ఎముకలు మాయమై నాళాలు మాత్రమే మిగులుతాయి. ఈ తీసివేత సరిగ్గా కుదరాలంటే రెండు బొమ్మల మధ్య రోగి వెంట్రుకవాసి కూడా కదలకూడదు. కదిలితే బొమ్మ చెరిగిన ముగ్గులా తయారవుతుంది, డై వృథా అవుతుంది, అంతా మళ్లీ చెయ్యాలి.

పెద్ద నాళాలకు డైని చేత్తో ఎక్కించలేరు, ఇంజెక్టర్ యంత్రం కావాలి. దానికి మూడు అంకెలు చెప్పాలి: సెకనుకు ఎన్ని మిల్లీలీటర్లు, మొత్తం ఎన్ని, ఒత్తిడి ఎంతకు మించకూడదు. బృహద్ధమనికి పెట్టిన అంకెలను మార్చడం మరిచిపోయి సన్నని కొమ్మలోకి వదిలితే నాళం చిట్లిపోవచ్చు. ఎక్కించే ముందు గొట్టంలో గాలి బుడగ లేదని కళ్లతో చూసి తేల్చుకోవాలి. మెడ నాళాల్లోకి పోయిన గాలి మెదడులో రక్తాన్ని ఆపి పక్షవాతం తేగలదు.

కొత్తగా చేరిన పిల్లల్ని మొదట తికమకపెట్టేవి కొలతలు. గొట్టాల లావును 'ఫ్రెంచి'లలో చెబుతారు. మూడు ఫ్రెంచిలు ఒక మిల్లీమీటరు, కాబట్టి 6 ఫ్రెంచి క్యాథెటర్ లావు 2 మిల్లీమీటర్లు. అయితే క్యాథెటర్ విషయంలో ఆ అంకె బయటి లావును చెబుతుంది. క్యాథెటర్ దూరడానికి ముందుగా పెట్టే షీత్ విషయంలో లోపలి ఖాళీని చెబుతుంది. తీగల లావు అంగుళాల్లో ఉంటుంది: 0.035, 0.018, 0.014. సూదులది గేజి లెక్క, అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. బెలూన్ ఒత్తిడి అట్మాస్ఫియర్లలో, ఇంజెక్టర్ ఒత్తిడి పౌండ్లలో. డాక్టరు సామాను పేరొక్కటే చెబుతారు. ఏ సూదిలో ఏ తీగ దూరుతుందో, ఏ తీగ మీదికి ఏ బెలూన్ ఎక్కుతుందో, ఆ బెలూన్ ఏ షీత్‌లో పడుతుందో క్షణంలో కూడుకుని సరైన పొట్లాం చించవలసింది టెక్నాలజిస్టు. ఒక్కసారి చించిన బెలూన్ మళ్లీ అరలోకి పోదు. దాని ఖరీదు వేలల్లో ఉంటుంది.

కొద్దిపాటి చరిత్ర

రంట్‌జన్ 1895లో ఎక్స్‌రేని కనుక్కున్నాడు. 1927లో పోర్చుగల్‌లో ఎగాస్ మొనీజ్ మెదడు నాళాల బొమ్మ తీశాడు. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు తన చేతి సిరలోంచి గొట్టాన్ని గుండె దాకా తోసుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి అది చేరిన చోటు చూపించాడు. 1956లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ ఈ గదికి ఓనమాలు: సూది లోపలికి, సూదిలోంచి తీగ లోపలికి, సూది బయటికి, తీగ మీదుగా గొట్టం లోపలికి. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు, కాలు తీయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏళ్ల వృద్ధురాలి తొడ ధమనిని ఒకదానికంటే ఒకటి లావైన గొట్టాలతో వెడల్పు చేశాడు. ఆమె కాలు నిలిచింది. ఈ శాఖ పుట్టిన రోజుగా దాన్నే చెప్పుకుంటారు. 1974లో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ కాలి నాళాల్లో బెలూన్ వాడాడు, 1977లో గుండె నాళంలో వాడాడు. ఆ తొలి బెలూన్లు తయారైంది ఆయన వంటింట్లో. ఆయనతో కలిసి రాత్రుళ్లు కూర్చుని వాటిని అతికినవారిలో సహాయకురాలు మరియా ష్లుంఫ్ ఒకరు. ఈ శాఖ చరిత్రలో టెక్నాలజిస్టుల పేర్లు ఎక్కువగా దొరకవు గనుక ఈ ఒక్క పేరునైనా గుర్తుపెట్టుకోవడం న్యాయం.

తెలుగునాట రేడియాలజీకి పెద్ద దిక్కు కాకర్ల సుబ్బారావు. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో ఎముకల రేడియాలజీలో పేరు తెచ్చుకున్నారు. తిరిగివచ్చి హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిని నిలబెట్టారు. 2000లో పద్మశ్రీ అందుకుని, 2021లో కన్నుమూశారు.

ఉత్తరాంధ్ర పేదలకు ఈ గదుల తలుపులు తెరుచుకోవడంలో మరో తేదీ ఉంది. 2007 ఏప్రిల్ 1న పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు ఎంచుకున్న మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మిగతా రెండు అనంతపురం, మహబూబ్‌నగర్. అప్పటిదాకా స్టెంటు మాట వింటేనే భూమి అమ్ముకోవాలా అని భయపడిన ఇళ్ల నుంచి రోగులు విశాఖ బస్సు ఎక్కడం మొదలుపెట్టారు. రోగులు పెరిగారు, క్యాథ్ ల్యాబులు పెరిగాయి. వాటిలో పనిచేసే మనుషుల చదువు మాత్రం అంత వేగంగా పెరగలేదు.

ఉద్దానం చేతులు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటలతో పచ్చగా కనిపించే నేల ఉద్దానం. మధుమేహం, రక్తపోటు లేని కష్టజీవులకు కూడా ఇక్కడ కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లు, మట్టి, పురుగుమందులు, ఎండలో పని అంటూ ఎన్నో కారణాలు వెతికారు, కారణం ఇదేనని ఇంతవరకు తేలలేదు. జబ్బు ముదిరినవారికి మిగిలే దారి డయాలసిస్. వారానికి రెండు మూడు సార్లు, పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు. వారికి నెలకు 10,000 రూపాయల పింఛను 2019 నుంచి ఉంది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

డయాలసిస్ యంత్రం నిమిషానికి దాదాపు 300 మిల్లీలీటర్ల రక్తం లాగి శుభ్రం చేసి తిరిగి పంపాలి. మామూలు సిర అంత రక్తం ఇవ్వలేదు. అందుకని చేతిలో ఒక ధమనిని పక్కనున్న సిరకు కలిపి కుడతారు. ఇదే ఫిస్టులా. 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెషియా, సిమినో, వారి సహచరులు ఈ ఉపాయాన్ని ప్రకటించారు. ధమని ఒత్తిడికి సిర నెలా రెండు నెలల్లో ఉబ్బి గట్టిపడుతుంది. దీన్ని గుర్తుపెట్టుకోవడానికి ఆరుల లెక్క ఒకటుంది: ఆరు వారాలకు, ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, చర్మానికి ఆరు మిల్లీమీటర్ల లోపు లోతు, నిమిషానికి 600 మిల్లీలీటర్ల ప్రవాహం. పనిచేస్తున్న ఫిస్టులా మీద వేలు పెడితే లోపల తేనెటీగ ఉన్నట్టు గుయ్యిమని అదురు తెలుస్తుంది. డాక్టర్లు దాన్ని 'థ్రిల్' అంటారు. ఉద్దానం రోగి పొద్దున్నే లేచి చూసుకునేది ఆ అదురు ఉందా లేదా అని.

ఆ అదురు తగ్గుతూ వస్తే ఎక్కడో నాళం ఇరుకైందని అర్థం. పట్టించుకోకపోతే ఒకనాడు గడ్డకట్టి పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు మెడలోని సిరలో తాత్కాలిక గొట్టం పెట్టి డయాలసిస్ చెయ్యాలి. ఆ గొట్టానికి చీము పట్టవచ్చు. పదేపదే పెడితే ఛాతీలోని పెద్ద సిరలే ఇరుకై చెయ్యంతా వాచిపోతుంది, ఆ వైపు ఫిస్టులాకు ఇక చోటుండదు. మనిషికి చేతులు రెండే. ఫిస్టులా ఒక్కొక్కటే పోతున్నకొద్దీ బతుకు ఇరుకవుతుంది. ఈ దశ రాకముందే ఇరుకైన చోటును బెలూన్‌తో తెరిచే పని రక్తనాళాల ఇంటర్వెన్షన్‌లో అతి సాధారణమైనది, ఈ ప్రాంతానికి అన్నిటికంటే ఎక్కువ కావలసినది.

ఆ పని ఎలా సాగుతుందో దగ్గరగా చూద్దాం. రోగి వెల్లకిలా పడుకుంటాడు, చెయ్యి పక్కపలక మీద చాపి ఉంటుంది. టెక్నాలజిస్టు ముందు ఆ చేతిని తాకి అదురు ఎంతుందో చూస్తాడు, పాత సూదిగాట్లు ఎక్కడున్నాయో చూస్తాడు. 21 గేజి సన్నసూదితో డాక్టరు ఫిస్టులాలోకి పొడిచి 0.018 తీగ పంపుతారు. దాని మీదుగా చిన్న గొట్టం, తరువాత 0.035 తీగ, ఆపైన 6 ఫ్రెంచి షీత్. డై చేత్తోనే ఎక్కిస్తారు. బొమ్మ చేతి దగ్గర ఆగకూడదు, భుజం దాటి గుండె చేరేదాకా సిరలన్నీ చూడాలి, ఎందుకంటే అసలు ఇరుకు ఛాతీలో దాగి ఉండవచ్చు. అక్కడ ఊపిరి బిగబట్టమని రోగికి చెప్పవలసింది టెక్నాలజిస్టు. ఇరుకు కనిపించాక పక్కనున్న మంచి నాళాన్ని కొలిచి బెలూన్ సైజు తేలుస్తారు, ఆరో ఏడో మిల్లీమీటర్లు. సగం డై, సగం సెలైన్ కలిపిన నీళ్లను పిడి తిప్పే పంపుతో బెలూన్‌లోకి ఎక్కిస్తూ టెక్నాలజిస్టు ఒత్తిడిని పైకి చదువుతాడు: ఎనిమిది, పన్నెండు, పదహారు. తెర మీద బెలూన్ మధ్యలో నడుము బిగించినట్టు ఒక నొక్కు కనిపిస్తుంది. గట్టిపడ్డ ఇరుకు అదే. ఇరవై దాకా పోయాక ఆ నొక్కు ఒక్కసారిగా విచ్చుకుంటుంది. కొంతసేపు అలాగే ఉంచి గాలి తీసినట్టు నీళ్లు తీసేస్తారు. మళ్లీ డై. తరువాత డాక్టరు చేతి మీద వేలు పెడతారు. అదురు తిరిగి వచ్చి ఉంటే ఆ రోగి మరునాడు ఎప్పటిలా డయాలసిస్ కుర్చీలో కూర్చుంటాడు.

పెద్ద కోత లేదు, మత్తు లేదు. కానీ ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండువందల కిలోమీటర్లకు పైమాట. గడ్డకట్టిన ఫిస్టులాను తెరవాలంటే తొలి ఒకటి రెండు రోజులే మంచి అవకాశం. డయాలసిస్ రోజు తప్పకుండా అంత దూరం పోయి రావడం కష్టం కాబట్టి చాలామంది ఒడిశాలోని బరంపురం వైపో, ఏదీ చెయ్యకుండా మెడ గొట్టం వైపో తిరుగుతారు. డయాలసిస్ కేంద్రాలను ఊరి దగ్గరికి తెచ్చాక, ఆ డయాలసిస్‌కు ప్రాణాధారమైన ఫిస్టులాను కాపాడే గది కూడా దగ్గరికి రావాలి. గది కట్టడానికి డబ్బు చాలు. గదిని నడిపే మనుషులను మాత్రం ఇక్కడే తయారుచేసుకోవాలి.

ఈ ప్రాంతానికి కావలసినవి ఇంకా ఉన్నాయి. క్షయ వచ్చి పోయినవారికి ఊపిరితిత్తుల నాళాల నుంచి రక్తం పడితే ఆ కొమ్మను మూసే పని, మధుమేహంతో పుండుపడిన కాలికి రక్తం చేర్చే పని, గర్భాశయ గడ్డలకు రక్తం ఆపే పని. పక్షవాతంలో గడ్డను లాగే చికిత్స పనిచేస్తుందని 2015లో వరసగా వచ్చిన పరీక్షలు రుజువు చేశాయి. మొదట ఆరు గంటల లోపు అన్నారు, తరువాత ఎంపిక చేసిన రోగులకు 24 గంటల దాకా పెంచారు. ఆ గంటల లెక్కలో రాత్రి రెండింటికి పిలిస్తే వచ్చే టెక్నాలజిస్టు ఉన్నాడా లేదా అన్నది కూడా భాగమే.

చదువు దారులు

ఇంటర్ తరువాత దారులు రెండు. మొదటిది రాష్ట్ర పారామెడికల్ బోర్డు నడిపే డిప్లొమాలు. మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిప్లొమాను అందరూ డీఎంఐటీ అంటారు. రెండేళ్ల చదువు, బైపీసీ వారికి ముందు అవకాశం. క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా వేరుగా ఉంది. రెండో దారి విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద బీఎస్సీ: ఇమేజింగ్ టెక్నాలజీ ఒకటి, గుండె, రక్తనాళాల టెక్నాలజీ ఒకటి, ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. తిరుపతి స్విమ్స్‌లో కూడా రేడియోగ్రఫీలో, ఈసీజీ-కార్డియోవాస్కులర్ టెక్నాలజీలో బీఎస్సీలు ఉన్నాయి.

లోటు ఈ రెండు చదువుల మధ్యన ఉంది. ఇమేజింగ్ చదివిన పిల్లలకు ఎక్స్‌రే భౌతికశాస్త్రం, సీటీ, ఎమ్మారై తెలుసు. తీగనూ షీత్‌నూ చేత్తో పట్టుకున్న అనుభవం తక్కువ. క్యాథ్ ల్యాబ్ చదివిన పిల్లలకు తీగలు, బెలూన్లు, ఈసీజీ, ఒత్తిడి గీతలు బాగా వచ్చు. వారు చూసింది గుండె మాత్రమే, చేతి సిరలు, కాలేయం నాళాలు, మెదడు నాళాలు వారి పాఠంలో అంతగా లేవు. రక్తనాళాల ఇంటర్వెన్షన్ అనే పేరుతో విడిగా డిప్లొమా లేదు. ఉద్యోగంలో చేరాక సీనియర్ పక్కన నిలబడి చూసి నేర్చుకోవడమే ఇప్పటి శిక్షణ. మంచి సీనియర్ దొరికినవారు మంచి టెక్నాలజిస్టులవుతున్నారు, దొరకనివారి సంగతి అదృష్టం. రోగి ప్రాణంతో పని ఉన్న విద్యను ఇలా వదిలెయ్యడం తప్పు.

అమెరికాలో ముందు రేడియోగ్రఫీలో అర్హత సంపాదించి, తరువాత నిర్ణీత సంఖ్యలో ప్రక్రియలు చేసినట్టు రాసి చూపి, రక్తనాళాల ఇంటర్వెన్షన్‌లో మరో పరీక్ష రాయాలి. గుండె పనికి వేరే పరీక్ష. మన దేశంలో దీనికి దగ్గరగా ఉన్నది తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ. రేడియోగ్రఫీ ముగించినవారికి అక్కడ రెండేళ్ల అడ్వాన్స్‌డ్ మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిప్లొమా ఉంది, అదే సంస్థలో మెదడు, గుండె నాళాల ఇంటర్వెన్షన్లు పెద్ద ఎత్తున జరుగుతాయి. శిక్షణ అంటే అలా రోగులున్న చోట జరగాలి.

చట్టం వైపు నుంచి ఒక మంచి అడుగు పడింది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఈ వృత్తులకు తొలిసారి దేశమంతటికీ ఒక గుర్తింపు, ఒక రిజిస్టరు ఏర్పరిచింది. డిప్లొమా స్థాయి వృత్తికి కనీసం 2000 గంటల చదువు, డిగ్రీ స్థాయికి కనీసం 3600 గంటలు ఉండాలని చెప్పింది. గంటల లెక్క రాసిపెట్టడం తేలికే. అందులో ఎన్ని గంటలు పిల్లవాడు నిజంగా బల్ల పక్కన నిలబడ్డాడన్నది తనిఖీ చేసేవారు చూడాలి.

జిల్లాల్లో చదువుకు ఆధారమైన ఆసుపత్రులు లేకపోలేదు. శ్రీకాకుళంలో రిమ్స్‌గా 2008లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, రాగోలులో జెమ్స్, నెల్లిమర్లలో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ, 2023లో విజయనగరంలో తెరిచిన ప్రభుత్వ వైద్య కళాశాల, ఇప్పుడు పలాస కిడ్నీ ఆసుపత్రి. వీటన్నిటికీ పెద్దన్న విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి, దానితో కూడిన 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాల. శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు చదువు ముగించి విశాఖ, హైదరాబాదు క్యాథ్ ల్యాబుల్లో చేరుతున్నారు. అక్కడ నేర్చుకున్నది ఇక్కడికి తిరిగి రావాలంటే ఇక్కడ గది ఉండాలి, ఆ గదిలో పర్మనెంటు పోస్టు ఉండాలి.

కనబడని దెబ్బ

శిక్షణలో సగం రేడియేషన్ గురించే ఉండాలి. మామూలు ఎక్స్‌రే తీసేవారు బొత్తాం నొక్కేటప్పుడు గోడ వెనక్కి పోతారు. ఇంటర్వెన్షన్ గదిలో గంటల తరబడి బల్ల పక్కనే ఉండాలి. అక్కడున్నవారికి తగిలేది ప్రధానంగా రోగి శరీరం నుంచి చెదిరి వచ్చే కిరణాలు. ఎక్స్‌రే గొట్టం బల్ల కింద ఉంటుంది కాబట్టి ఆ చెదురు కిందిభాగంలో, కాళ్ల మీద ఎక్కువ. అందుకే బల్లకు సీసపు తెర వేలాడదీస్తారు. సి-ఆర్మ్‌ను పక్కకు వంచి తీసేటప్పుడు గొట్టం ఉన్న వైపు నిలబడితే దెబ్బ ఎక్కువ, పలక ఉన్న వైపు తక్కువ. దూరం రెట్టింపైతే తగిలేది నాలుగో వంతుకు పడిపోతుంది. పాఠం చెప్పేవారు దీన్ని నల్లబల్ల మీద సూత్రంగా వదిలెయ్యకుండా, కొలిచే మీటరు విద్యార్థి చేతికిచ్చి ఒక అడుగు వెనక్కి వెయ్యమనాలి. అంకె పడిపోవడం కళ్లారా చూసినవారు ఆ అడుగును జీవితంలో మరిచిపోరు.

మన దేశంలో ఈ వ్యవహారాన్ని 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి చూస్తుంది. మామూలు ఎక్స్‌రే యంత్రానికి రిజిస్ట్రేషన్ చాలు, ఇంటర్వెన్షనల్ యంత్రానికి లైసెన్సు కావాలి. రేడియేషన్‌లో పనిచేసేవారికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సాధారణ ప్రజలకు హద్దు ఏడాదికి ఒక మిల్లీసీవర్టు. గర్భవతి అయిన ఉద్యోగిని విషయం తెలియజేశాక కడుపులో బిడ్డకు కూడా అదే ఒక మిల్లీసీవర్టు హద్దు. ఆడపిల్లలు ఈ చదువుకు ఎక్కువగా వస్తున్నారు కాబట్టి దీన్ని మొదటి వారంలోనే, బిడియం లేకుండా చెప్పాలి. కంటి కటకం విషయంలో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2011లో పాత 150 హద్దును 20కి దింపమంది, ఎందుకంటే ఈ గదుల్లో పనిచేసేవారికి శుక్లాలు ముందే వస్తున్నట్టు తేలింది.

ఎంత తగిలిందో చెప్పేది టీఎల్‌డీ బ్యాడ్జి. ఛాతీ మీద, సీసపు ఆప్రాన్ లోపల పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి ప్రయోగశాలకు పంపి కొత్తది తెచ్చుకోవాలి. బ్యాడ్జిని సొరుగులో దాచే అలవాటు మన దగ్గర ఉంది. లెక్క పెరిగితే ఉద్యోగానికి ఇబ్బంది అని కొందరి భయం, బ్యాడ్జి పోతే జరిమానా అని మరికొందరి భయం. సొరుగులో ఉన్న బ్యాడ్జి సొరుగు ఆరోగ్యాన్ని చెబుతుంది, మనిషి ఆరోగ్యాన్ని చెప్పదు. ఆప్రాన్‌ను మడిచి కుర్చీ మీద పడేస్తే లోపలి సీసం పొర చీలుతుంది. కొక్కేనికి వేలాడదీయాలి, ఏడాదికోసారి ఫ్లోరోస్కోపీ కింద పరిచి చీలికలు చూడాలి.

రోగికి తగిలేది టెక్నాలజిస్టు చేతిలో ఉంది. సెకనుకు 15 బొమ్మల బదులు ఏడున్నర తీస్తే కిరణాలు దాదాపు సగమవుతాయి, ఫిస్టులా పనికి అవి చాలు. పలకను రోగికి దగ్గరగా, గొట్టాన్ని దూరంగా ఉంచాలి. అవసరమైన మేరకే కిరణాల కిటికీ తెరవాలి. యంత్రం చూపే మొత్తం మోతాదు 5 గ్రేలు దాటితే రోగి చర్మాన్ని తరువాతి వారాల్లో గమనించాలి. ఆ అంకెను కేసు షీటులో రాయడం, దాటబోతుంటే డాక్టరుకు నోరు తెరిచి చెప్పడం టెక్నాలజిస్టు బాధ్యత. డాక్టరుగారికి ఎలా చెప్పాలి అనే జంకు మన పిల్లల్లో ఉంటుంది. చెప్పడం కూడా శిక్షణలో భాగం చెయ్యాలి.

డై గురించి ఒక మాట. కొందరికి అది పడక దద్దుర్లు, ఊపిరాడకపోవడం, రక్తపోటు పడిపోవడం జరగవచ్చు. అడ్రినలిన్ ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలగాలి. ఇంకా డయాలసిస్ దశకు రాని కిడ్నీ రోగులకు డై ఎంత తక్కువైతే అంత మంచిది. ఉద్దానంలో పనిచేసేవారికి ఇది మొదటి పాఠం.

రోగి భాష

తీసివేత బొమ్మ బాగా రావాలంటే రోగి కదలకూడదని చెప్పుకున్నాం. కదలకుండా ఉండాలంటే చెప్పింది అర్థం కావాలి. విశాఖలోనో హైదరాబాదులోనో నేర్చుకున్న 'బ్రీత్ ఇన్, హోల్డ్' అనే మాట కవిటి కొబ్బరితోట కూలీకి ఏం చెబుతుంది? 'ఊపిరి పీల్చు నాయనా, అలాగే బిగబట్టు, కదలకు' అంటే తెలుస్తుంది. ఇచ్ఛాపురం అంచున ఒడియా కావాలి. సీతంపేట కొండల నుంచి వచ్చే సవరలకు వారి మాట కావాలి. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర నేర్చుకున్నారు, నిఘంటువు కూర్చారు. జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన జిల్లాలో టెక్నాలజిస్టుల పాఠాలు పూర్తిగా ఇంగ్లీషులో నడవడం బాధాకరం. పరికరాల పేర్లు ఇంగ్లీషువే ఉండనివ్వండి. భౌతికశాస్త్రం, భద్రత, రోగితో మాట్లాడే పద్ధతి తెలుగులో చెబితే బైపీసీ తెలుగు మీడియంలో చదివిన పల్లెటూరి పిల్లలు త్వరగా అందుకుంటారు. మూడు భాషల్లో పది వాక్యాలు, అంటే ఊపిరి బిగబట్టడం, కదలకపోవడం, వేడిగా అనిపిస్తే భయపడవద్దనడం, నొప్పి ఉంటే చెప్పమనడం, అచ్చు వేసి గోడకు అంటిస్తే చాలు. పెద్ద ఖర్చు లేదు.

ఎలా ఉండాలి

ఇమేజింగ్ లేదా క్యాథ్ ల్యాబ్ డిప్లొమా ముగించినవారికి ఒక ఏడాది అదనపు శిక్షణ చాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మొదటి రెండు నెలలు రోగి లేకుండా గడవాలి: పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాలతో చేసిన చేతి నమూనా మీద తీగ పట్టడం, పట్టిన తీగను జారనివ్వకుండా తడి గుడ్డతో తుడవడం, గాలి లేకుండా గొట్టాలు నింపడం. తీగ పట్టడం చూడటానికి చిన్న పనిలా ఉంటుంది. డాక్టరు గొట్టాన్ని వెనక్కి లాగుతున్నప్పుడు తీగ రెండో కొసను టెక్నాలజిస్టు కదలకుండా పట్టాలి. అది ఒక్క అంగుళం వెనక్కి వస్తే అరగంట శ్రమ వృథా. తరువాతి నెలలు పలాస, శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల ఫిస్టులా రోగులతో, చివరి మూడు నెలలు మెదడు, కాలేయం పనుల కోసం విశాఖలో. విద్యార్థి చేసిన ప్రతి ప్రక్రియనూ ఒక పుస్తకంలో రాయాలి, పక్కన డాక్టరు సంతకం ఉండాలి. పరీక్ష పేపరు మీద మాత్రమే ఉంటే చాలదు, అర లోంచి సరైన సామాను తీసే పరీక్ష కూడా ఉండాలి.

ఈ కోర్సు ఇంకా లేదు. ఇప్పుడు చదువులో చేరబోయే ఇంటర్ పిల్లలకు, వారి తల్లిదండ్రులకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. ఫీజు కట్టేముందు కళాశాలకు పారామెడికల్ బోర్డు లేదా విశ్వవిద్యాలయం గుర్తింపు ఈ ఏడాదికి ఉందో లేదో కాగితం చూసి తేల్చుకోండి. కళాశాలకు సొంత ఆసుపత్రి ఉందా, అందులో పనిచేసే క్యాథ్ ల్యాబ్ ఉందా, మొదటి ఏడాది నుంచే పిల్లల్ని లోపలికి రానిస్తారా అని అడగండి. టీఎల్‌డీ బ్యాడ్జి విద్యార్థులకు కూడా ఇస్తారా అని అడగండి. ఇవ్వమని చెప్పిన చోట చేరవద్దు.